కొండ ఎక్కే బండికి కార్బురేటర్ సవరింపు: ఎంత మార్చాలి, ఎప్పుడు ముట్టుకోకూడదు

అనంతపురం నుంచి కదిరి, ములకలచెరువు మీదుగా హార్స్‌లీ హిల్స్‌కు మొదటిసారి నా యమహా ఆర్‌ఎక్స్ 100 మీద వెళ్లినప్పుడు, ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి బండి మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. ఎత్తుకు పోయేకొద్దీ కార్బురేటర్‌లో, అంటే గాలినీ పెట్రోల్‌నూ కలిపి ఇంజిన్‌కు పంపే భాగంలో, పెట్రోల్ వాటా ఎక్కువవుతుందని అప్పటికే విని ఉన్నాను గనుక, రోడ్డు పక్కన బండి ఆపి, గాలిని అదుపు చేసే ఎయిర్ స్క్రూను ఇటు రెండు చుట్లు, అటు మూడు చుట్లు తిప్పి, అది మొదట ఎక్కడ ఉండేదో కూడా మరిచిపోయి, ఇంటికి చేరేసరికి బండి స్లోలో (యాక్సిలరేటర్ వదిలేసినప్పటి వేగంలో) నిలబడని స్థితికి తెచ్చాను. మరుసటి రోజు మా వీధి చివర మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి, లోపలి స్పాంజిని నేలకేసి తట్టాడు. గుప్పెడు ఎర్రమట్టి రాలింది. "కొండ తప్పేం లేదుప్పా, ఇది మనూరి దుమ్ము. ఫిల్టర్ కడక్కుండా స్క్రూ మాత్రం ముట్టుకోవాకు" అన్నాడు.

ఎత్తుకు తగినట్టు కార్బురేటర్‌ను సవరించదలచుకున్న ఎవరైనా మొదట పాటించవలసిన నియమం అదే. ఫిల్టర్ మూసుకుపోతే ఇంజిన్‌కు గాలి తగ్గుతుంది. ఎత్తుకు పోయినా గాలి తగ్గుతుంది. రెండింటి లక్షణాలూ ఒకే తీరుగా ఉంటాయి. ఫిల్టర్ శుభ్రం చేసి, స్పార్క్ ప్లగ్ గ్యాప్ సరిచూసి, చోక్ (చల్లని ఇంజిన్ స్టార్ట్ కావడానికి పెట్రోల్ వాటా పెంచే మీట) పూర్తిగా వెనక్కి వెళుతున్నదో లేదో గమనించి, ఫ్లోట్ బౌల్ (కార్బురేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె) అడుగున చేరిన మడ్డిని తీసేసిన తరువాత కూడా బండి కొండ మీద మాత్రమే తడబడుతుంటే, అప్పుడే ఎత్తును అనుమానించాలి.

కారణం తెలిస్తే పని సులువు అవుతుంది. కార్బురేటర్ గొంతు సన్నబడిన చోట గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. బౌల్‌లో ఉన్న పెట్రోల్‌ను బయటి గాలి పీడనం జెట్ అనే చిన్న ఇత్తడి మర రంధ్రం గుండా ఆ గొంతులోకి నెడుతుంది. ఎత్తులో ఇంజిన్ ఒక్కో చుట్టుకు పీల్చే గాలి పరిమాణం మారదు గాని, ఆ గాలి పలుచబడి ఉంటుంది కాబట్టి దాని బరువు తగ్గుతుంది. పెట్రోల్ కూడా కొంత తగ్గుతుంది, కాని గాలి తగ్గినంతగా తగ్గదు. గాలి సాంద్రత ఎంత పడిపోయిందో దాని వర్గమూలం మేరకే పెట్రోల్ పడిపోతుంది. సాంద్రత 100 నుంచి 81కి దిగితే పెట్రోల్ 100 నుంచి 90కి మాత్రమే దిగుతుందన్నమాట. అంటే మిశ్రమంలో పెట్రోల్ పాలు సుమారు 11 శాతం పెరుగుతుంది. మెకానిక్‌లు రిచ్ అనేది దీనినే.

ఇప్పుడు మన ప్రాంతపు లెక్కలు చూద్దాం. సముద్రమట్టంలో, 15 డిగ్రీల వేడి వద్ద, ఘనమీటరు గాలి బరువు 1.225 కిలోలు. సుమారు 335 మీటర్ల ఎత్తున ఉన్న అనంతపురంలో ప్రామాణిక లెక్క ప్రకారం అది 1.19 కిలోలు, 1,250 మీటర్లకు పైనున్న హార్స్‌లీ హిల్స్‌లో 1.08, సుమారు 2,240 మీటర్ల ఊటీలో 0.98, 3,500 మీటర్ల లేహ్‌లో 0.86, 5,300 మీటర్లు దాటిన లడఖ్ కనుమలలో 0.71. వర్గమూలం లెక్క వేస్తే, అనంతపురంలో సరిగ్గా ట్యూన్ అయిన బండి హార్స్‌లీ హిల్స్ మీద 5 శాతం, ఊటీలో 10 శాతం, లేహ్‌లో 17 శాతం, ఆ కనుమల మీద దాదాపు 29 శాతం రిచ్ అవుతుంది. కర్నూలు, కడప వాళ్లకు ఈ అంకెలు కొద్దిగానే మారతాయి. కడప మనకంటే 200 మీటర్లు దిగువన ఉన్నా, మిశ్రమంలో ఆ తేడా ఒక్క శాతం.

అయితే ఈ లెక్కలో వేడిని మరిచిపోతే మోసపోతాము. మే నెల మధ్యాహ్నం అనంతపురంలో 42 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు ఇక్కడి గాలి సాంద్రత 1.08 కిలోలకు పడిపోతుంది. అంటే ప్రామాణిక వాతావరణంలో 1,300 మీటర్ల ఎత్తున ఉండే గాలిని మనం క్లాక్ టవర్ దగ్గర నిలబడి పీల్చుకుంటున్నామన్నమాట! డిసెంబర్ తెల్లవారుజామున 16 డిగ్రీల చలిలో అదే చోట సాంద్రత 1.17 దాకా ఉంటుంది. మన ఊరు దాటకుండానే చలికాలపు ఉదయానికీ ఎండాకాలపు మధ్యాహ్నానికీ మధ్య మిశ్రమం 4 శాతం మారుతుండగా, మే నెలలో ఇక్కడి నుంచి బయలుదేరి 20 డిగ్రీల చల్లదనంలో ఉన్న హార్స్‌లీ హిల్స్‌కు చేరితే మారేది 2 శాతమే. ఏడాది పొడుగునా ఒకే జెట్‌తో హాయిగా తిరిగే బండికి ఆ కొండ మీద జెట్ మార్చవలసిన అవసరం ఎందుకు వస్తుంది? రాదు. నంది హిల్స్‌కు వెళ్లే హిందూపురం కుర్రవాళ్లకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. 1,500 మీటర్ల లోపు కొండలకు స్లో కొంచెం పెంచుకోవడం, కావలసివస్తే ఎయిర్ స్క్రూను పావు చుట్టో అర చుట్టో సవరించుకోవడం, అంతకు మించి ఏమీ చేయనక్కరలేదు.

ఈ మధ్య మరొక సంగతి తోడైంది. పంపులలో దొరికే పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటున్నది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉండడం వల్ల దాన్ని మండించడానికి గాలి తక్కువ చాలు. శుద్ధమైన పెట్రోల్ కిలోకు 14.7 కిలోల గాలి కావలసి ఉండగా, 20 శాతం మిశ్రమానికి సుమారు 13.5 కిలోలు సరిపోతుంది. అంటే శుద్ధ పెట్రోల్ రోజులలో కుదిర్చిన జెట్‌లతో నడిచే పాత బండి ఈ రోజు మైదానంలోనే సుమారు 8 శాతం లీన్‌గా, అంటే పెట్రోల్ వాటా తక్కువై, నడుస్తున్నట్టు లెక్క. అటువంటి బండి ఊటీ ఎక్కితే చాలావరకు తన అసలు మిశ్రమానికే తిరిగివస్తుంది. కాబట్టి పాతకాలపు సలహాలు చదివి, ఇంత ఎత్తుకు ఇంత చిన్న జెట్ అని కళ్లు మూసుకుని మార్చవద్దు. ప్లగ్ ఏమి చెబుతున్నదో ముందు చూడండి.

ప్లగ్‌ను చూడడానికి ఒక పద్ధతి ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కిన తరువాత, ఖాళీ రోడ్డు మీద, మూడో గేర్‌లో యాక్సిలరేటర్‌ను ముప్పావు వంతుకు పైగా తెరిచి ఒక కిలోమీటరు నడిపి, అదే ఊపులో క్లచ్ నొక్కుతూ ఇంజిన్ ఆఫ్ చేసి పక్కకు ఆపాలి. ఆపే ముందు కొంతసేపు స్లోలో నడవనిస్తే ఆ మసి వచ్చి పేరుకుంటుంది, పరీక్ష వృథా అవుతుంది. ప్లగ్ చల్లారాక విప్పి, మధ్య పింగాణి రంగు చూడాలి. పలుచని టీ రంగులో ఉంటే మెయిన్ జెట్ (యాక్సిలరేటర్ బాగా తెరిచినప్పుడు పెట్రోల్ అందించే జెట్) సరిపోయినట్టు. పొడి మసి నల్లగా పట్టి ఉంటే రిచ్. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే లీన్. 2000 సంవత్సరం నుంచి సీసం లేని పెట్రోల్ వాడుతున్నాం కాబట్టి రంగులు పాత పుస్తకాలలో వర్ణించినంత ముదురుగా రావు. కొత్త ప్లగ్ అయితే రంగు తేలడానికి ఇంకా ఎక్కువ దూరం నడపాలి.

రోడ్డు మీదనే తెలుసుకోవాలంటే రెండు ఉపాయాలున్నాయి. తడబడుతున్న సమయంలో చోక్‌ను కొంచెం లాగి చూడండి. బండి ఇంకా మొరాయిస్తే రిచ్, కుదుటపడితే లీన్. రెండో ఉపాయం నాకు ఇంకా నచ్చినది. నడుస్తూ ఉండగానే పెట్రోల్ ట్యాప్ మూసేయండి. బౌల్‌లో పెట్రోల్ మట్టం దిగేకొద్దీ మిశ్రమం లీన్ అవుతూ వస్తుంది. ఆగిపోయే ముందు కొన్ని క్షణాలు ఇంజిన్ గొంతు స్వచ్ఛంగా మారి పికప్ వస్తే, బండి అంతవరకూ రిచ్‌గా నడుస్తున్నదని నిర్ధారణ చేసుకోవచ్చు. రెండు స్ట్రోకుల బండి మీద ఆ మార్పు వచ్చిన వెంటనే ట్యాప్ తెరవాలి, లీన్‌లో ఎక్కువసేపు లాగించకూడదు.

తరువాతి ప్రశ్న, యాక్సిలరేటర్ ఏ భాగంలో తడబాటు వస్తున్నది అన్నది. స్లో నుంచి పావు వంతు వరకు పైలట్ జెట్, దాని స్క్రూ పనిచేస్తాయి. పావు నుంచి ముప్పావు వరకు నీడిల్ రాజ్యం; యాక్సిలరేటర్ తెరిస్తే పైకి లేచే స్లైడ్‌కు అమర్చిన సూది అది. ముప్పావు దాటితే మెయిన్ జెట్. ఇవి ఒకదానిలోకి ఒకటి కొంత కలిసే ఉంటాయి. యాక్సిలరేటర్ పిడి మీద ఒక తెల్ల టేపు, దాని పక్కనున్న హౌసింగ్ మీద ఒక టేపు అంటించి, పావు, అర, ముప్పావు గుర్తులు పెన్నుతో పెట్టుకుంటే ఊహ అవసరం ఉండదు. మనం అర వంతు తెరిచామనుకున్నది చాలాసార్లు పావే అయివుంటుంది. ఆ టేపు చూసిన రోజు నాకు తెలిసింది, ఊరిలో తిరిగేటప్పుడు నేను మెయిన్ జెట్ దాకా అసలు వెళ్లడమే లేదని.

స్క్రూతో మొదలుపెడదాం. స్లైడ్‌కు ఫిల్టర్ వైపున స్క్రూ ఉంటే అది గాలిని అదుపు చేసే ఎయిర్ స్క్రూ. బయటికి తిప్పితే లీన్ అవుతుంది. ఇంజిన్ వైపున ఉంటే అది పెట్రోల్ మిశ్రమాన్ని అదుపు చేసే స్క్రూ. బయటికి తిప్పితే రిచ్ అవుతుంది. ఈ ఒక్క తేడా తెలియక కొండ మీద తలకిందులుగా తిప్పేవాళ్లు నాతో సహా చాలామంది ఉన్నారు. ముందుగా ఇంజిన్ ఆపి, స్క్రూను లోపలికి మెల్లగా తిప్పుతూ, అది ఎన్ని చుట్లకు ఆనుకున్నదో లెక్కపెట్టి రాసుకోవాలి. ఆనిన తరువాత బిగించకూడదు, సూది మొన నలిగిపోతుంది. మళ్లీ అన్నే చుట్లు బయటికి తిప్పి, పది నిమిషాలు నడిపి వేడెక్కిన ఇంజిన్‌ను స్లోలో ఉంచి, లీన్ అయ్యే దిశలో పావు చుట్టు తిప్పి పది సెకన్లు ఆగాలి. స్లో పెరిగితే మరో పావు చుట్టు. తగ్గడం మొదలైతే ఒక పావు వెనక్కి. స్లో అత్యధికంగా, నిలకడగా ఉన్న చోట వదిలి, తరువాత స్లో స్క్రూతో వేగాన్ని మామూలు స్థాయికి దించాలి. మంచి స్థానం సాధారణంగా ఒకటి నుంచి రెండున్నర చుట్ల మధ్య దొరుకుతుంది. ఎయిర్ స్క్రూను మూడు చుట్లు దాటించినా బండి ఇంకా రిచ్‌గానే ఉంటే పైలట్ జెట్ ఒక సైజు తగ్గించాలని అర్థం.

నీడిల్ సవరణకు జెట్ కొనవలసిన పనిలేదు, అందుకే ఊటీ వంటి ఎత్తుకు నేను దీనినే ఎంచుకుంటాను. కార్బురేటర్ తల మూత మరను చేత్తో విప్పి పైకి లాగితే, కేబుల్ చివర స్ప్రింగ్‌తో పాటు స్లైడ్, దాని మధ్య నీడిల్ బయటికి వస్తాయి. స్ప్రింగ్‌ను వేళ్లతో నొక్కిపట్టి, కేబుల్ గుండును గాడి నుంచి తప్పిస్తే నీడిల్ చేతికి వస్తుంది. దాని మొద్దు చివర దగ్గర సాధారణంగా ఐదు గాట్లు, వాటిలో ఒకదానిలో గోరంత క్లిప్ కనిపిస్తాయి. క్లిప్‌ను పైగాటుకు, అంటే మొద్దు చివర వైపుకు జరిపితే నీడిల్ కిందికి దిగి మిశ్రమం లీన్ అవుతుంది. కింది గాటుకు జరిపితే రిచ్ అవుతుంది. ఒక్కసారికి ఒక్క గాటు చాలు. ఈ పని చేసేటప్పుడు కింద ఒక పాత తువ్వాలు పరచండి, ఎందుకంటే ఆ క్లిప్ ఎగిరి గులకరాళ్లలో పడితే దొరకదు. తిరిగి అమర్చేటప్పుడు స్లైడ్ పక్క గాడి లోపలి పిన్నుకు సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే యాక్సిలరేటర్ తెరుచుకునే ఉండిపోయే ప్రమాదం ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే పిడిని తిప్పి వదిలి, స్లైడ్ టక్కున కిందికి పడుతున్న చప్పుడు వినాలి.

మెయిన్ జెట్ మార్చే అవసరం 2,500 మీటర్లు దాటి, అక్కడే రోజుల తరబడి తిరిగేవాళ్లకు వస్తుంది. ట్యాప్ మూసి, బౌల్‌లోని పెట్రోల్‌ను చిన్న సీసాలోకి వదిలి, బౌల్ విప్పి, గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో జెట్‌ను తీయాలి. జెట్ ఇత్తడిది; స్క్రూడ్రైవర్ మొన వెడల్పు చాలకపోతే గాడి చెదిరిపోతుంది. పక్కన బీడీ కాల్చేవారిని దూరంగా పంపాలని వేరే చెప్పనక్కరలేదు. జెట్ మీద ముద్రించిన అంకె అర్థం కంపెనీని బట్టి మారుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. కెయిహిన్ జెట్‌ల మీది అంకె రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుగా చెబుతుంది. మికుని వారి షట్కోణపు జెట్‌ల మీది అంకె పెట్రోల్ ప్రవాహాన్ని సూచిస్తుంది. వ్యాసం కొంచెం తగ్గినా రంధ్రం వైశాల్యం ఎక్కువగా తగ్గుతుంది కాబట్టి, అనంతపురంలో 100 అంకె ఉన్న జెట్‌కు లేహ్‌లో సరిపోయేది ప్రవాహపు అంకె అయితే 85, వ్యాసపు అంకె అయితే 92. ఊటీకి అవే 91, 95. ఒకరి అనుభవాన్ని మరొక కంపెనీ కార్బురేటర్‌కు అంటగట్టడం వల్లనే సగం తప్పులు జరుగుతాయి.

కొత్త జెట్ దొరకక, ఉన్న జెట్ రంధ్రాన్ని సోల్డర్‌తో పూడ్చి తీగతో మళ్లీ పొడిచే అలవాటు మన వర్క్‌షాపులలో ఉంది. అలా పొడిచిన రంధ్రం గుండ్రంగా ఉండదు, దాని కొలత చెప్పగలిగేవారూ ఉండరు. జెట్ శుభ్రం చేయడానికి కూడా బ్రేక్ కేబుల్ పోగు వాడవద్దు, గాలి కొట్టించండి. ఎయిర్ ఫిల్టర్ తీసేసి నడిపితే గాలి పెరిగి సరిపోతుందనే సలహా కూడా వింటుంటాము. మిశ్రమం లీన్ అయ్యే మాట నిజమే గాని, దారి దుమ్మంతా సిలిండర్‌లోకి పోయి రింగులను అరగదీస్తుంది.

లడఖ్ వెళ్లేవారు కనుమను కాక, రాత్రి ఆగే ఊరిని లెక్కలోకి తీసుకుని జెట్ ఎంచుకోవాలని నా అభిప్రాయం. లడఖ్‌లోని ఖర్దుంగ్ లా కనుమ మీద బోర్డు చాలాకాలం 18,380 అడుగులని చెప్పేది. జీపీఎస్ కొలత 5,359 మీటర్లు, అంటే సుమారు 17,580 అడుగులే. ఏది నమ్మినా అక్కడ బండి ఉండేది కొద్దిసేపే. లేహ్‌కు సరిపోయే జెట్ కనుమ మీద కొంత రిచ్‌గా ఉంటుంది. రిచ్ అయితే బండి దగ్గుతుంది, అంతే. కనుమకు సరిపోయే జెట్‌తో దిగితే లోయలో లీన్ అయి ఇంజిన్ కాలుతుంది. ఇంకొక మాట: జెట్ మారిస్తే పోయిన శక్తి తిరిగిరాదు. 5,300 మీటర్ల వద్ద గాలి బరువు అనంతపురంలో ఉన్నదానిలో 60 శాతమే, కాబట్టి 18 హార్స్‌పవర్ పాత బుల్లెట్ అక్కడ సుమారు 11 మాత్రమే ఇస్తుంది. సవరణ వల్ల మిస్సింగ్, నల్లపొగ, ప్లగ్ మసి పోతాయి. ఎక్కడానికి మాత్రం గేర్ దించుకోవలసిందే.

సీవీ (కాన్‌స్టంట్ వెలాసిటీ) కార్బురేటర్ ఉన్న బండ్లలో గాలి ప్రవాహాన్ని బట్టి స్లైడ్ తనంతట తానే లేస్తుంది గనుక ఎత్తు ప్రభావం కొంత తక్కువగా తెలుస్తుంది. వాటి నీడిల్‌కు చాలావరకు గాట్లు ఉండవు, స్క్రూకు సీలు ఉంటుంది, కాబట్టి వదిలేయడమే మంచిది. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వి, వాటికి కార్బురేటర్ ఉండదు. గాలి పీడనాన్ని సెన్సార్ కొలిచి పెట్రోల్‌ను అదే సరిచేస్తుంది.

దిగేటప్పటి పని ఎక్కేటప్పటి పనికంటే ముఖ్యమైనది, మనం మరిచిపోయేది కూడా అదే. ఒకసారి ఊటీకి రెండు సైజులు చిన్న మెయిన్ జెట్ వేసుకుని వెళ్లి, తిరుగుదారిలో బండి బాగానే లాగుతున్నదని దానితోనే బెంగళూరు దాటాను. లీన్ బండి కాలిపోయే ముందు చాలా చురుకుగా ఉంటుందని అప్పుడు తెలియదు. పెనుకొండ దాపులలో, నేషనల్ హైవే మీద పూర్తి యాక్సిలరేటర్‌లో ఉండగా ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా మూగబోయి వెనుక చక్రం బిగుసుకుంది. చెయ్యి క్లచ్ మీద ఉండబట్టి కింద పడలేదు. తరువాత సిలిండర్ విప్పి చూస్తే పిస్టన్‌కు ఎగ్జాస్ట్ వైపున, గోరు తగిలేంత లోతుగా నిలువు గీతలు. బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయవలసివచ్చింది. అసలు జెట్ ఆ సమయంలో నా చొక్కా జేబులోనే ఉంది.

అప్పటినుంచి తీసిన జెట్‌ను మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, దాని అంకె, స్క్రూ చుట్లు, క్లిప్ గాటు ఒక చీటీ మీద రాసి అందులోనే పెట్టి, డబ్బాను యాక్సిలరేటర్ కేబుల్‌కు కట్టేస్తున్నాను. ఊటీ నుంచి అయితే గూడలూరు దిగగానే, లేహ్ నుంచి అయితే మనాలిలో, పెట్రోల్ పోయించుకోక ముందే ఆ డబ్బా విప్పుతాను. ఇంజిన్ చల్లారడానికి ఎలాగూ అరగంట ఆగాలి. జెట్ మార్చి, క్లిప్‌ను పాత గాటుకు తెచ్చి, స్క్రూను చీటీలో ఉన్న చుట్లకు తిప్పడానికి అంతకంటే ఎక్కువ సమయం పట్టదు. ఇంటికి వచ్చిన మరుసటి రోజు ఎయిర్ ఫిల్టర్ కడిగి, కిలోమీటరు నడిపి, ప్లగ్ మరొకసారి విప్పి చూస్తాను.